జవాబు రానిదే మీట నొక్కనివ్వని రూతక్క

రూతక్క ఇక లేదన్న వార్త బుధవారం పొద్దున్నే పద్మనగర్‌లోని మా గుమ్మం తొక్కేసరికి నేను బియ్యం కడుగుతున్నాను. ఆదివారమే కదా, చర్చి నుంచి వస్తూ మా ఇంట చాయ్ తాగి, చక్కెర ఎక్కువేశానని నన్ను కసిరి వెళ్ళింది! నిద్రలోనే ప్రాణం పోయిందని, ఆసుపత్రి మంచం మీద అవస్థ పడలేదని తెలిశాక మాత్రం, నిజం చెప్పొద్దూ, ఆ దుఃఖంలోనే గుండె కాస్త కుదుటపడింది. ఒకరి చేత చేయించుకుని బతికే మనిషి కాదు మా అక్క.

ఎరగని వారి కోసం రెండు మాటలు. కరీంనగర్ వైపు పల్లె నుంచి బతుకుదెరువుకు ముంబై పక్కనున్న ఈ భివండి చేరి, మా సేటు కార్ఖానాలో ఆఫీసు భారమంతా నెత్తిన వేసుకున్న ధీశాలి ఆమె. పద్మనగర్‌లో మరమగ్గాల షెడ్లు మూడు, ఊరి బయట కాశేలిలో బట్ట గోదాము, అన్నీ ఆమె కనుసన్నల్లో నడిచేవి. ఆమె పక్క కుర్చీ నాది. మగ్గాలు బాగుచేసే మిస్త్రీ రాజేశం మా ఆయన.

మా వాళ్ళకొక పాడలవాటు ఉండేది. నేసిన బట్టను బట్టి కూలి గనుక, కరెంటు పోయినా ఎవరూ మగ్గం స్విచ్చు తీసేవారు కాదు. జనరేటరు మొదలైన క్షణమే మగ్గం ఆడాలి! జనరేటరు చూసే వెంకటి షెడ్డు వాకిట్లో నిలబడి ఒక కేక వేసేవాడు. ఎవరూ బదులు పలకకపోతే అంతా సవ్యమనుకుని మీట నొక్కేవాడు. అట్లా ఒకనాడు, ఆగి ఉన్న మగ్గంలో చెయ్యి పెట్టిన ఒక నేతన్న రెండు వేళ్ళు చక్రాల్లో నలిగిపోయాయి. అతణ్ణి ఆసుపత్రిలో చేర్పించి వచ్చిన అక్క ఆ పూట అన్నం ముట్టలేదు. తిన్నగా సేటు ముందుకు వెళ్ళి, షెడ్డుకొక వాకీటాకీ కావాలని అడిగింది.

సేటు సరేనన్నాడు. ఎందుకో తెలుసా? కాశేలికి లారీ చేరిందో లేదో కూర్చున్న చోటే తెలుస్తుందని! అక్క నవ్వి ఊరుకుంది. పని కావాలి గానీ కారణం ఎవరిదైతేనేం అనేది ఆమె నీతి.

అమ్మేవాడు పరీక్షకు సెట్లు తెచ్చి షెడ్డు లోపల సూపర్‌వైజర్ చేతికిమ్మన్నాడు. అక్క తానే లోపలికి పోయి చూసింది. ఆ మగ్గాల మోతలో పెట్టె ఎంత మొత్తుకున్నా ఒక్కరికీ వినబడలేదు. మా కరెంటు పోయినా, చుట్టుపక్కల కార్ఖానాల జనరేటర్లతో ఆ మోత ఆగదు. మా నేతగాళ్ళు ఆ హోరులో ఏళ్ళ తరబడి చేతి సైగలతోనే ముచ్చట్లు పెట్టుకుంటారు. కనుక సెట్లను వాకిట్లో కూర్చుని నూలు కండెలు చుట్టే ఆడవాళ్ళకిద్దామంది. వాళ్ళు విని, లోపలికి సైగ చేసి, లోపలి మాట తిరిగి చెబుతారు. తర్వాత నన్ను ఆఫీసు సెట్టు దగ్గర కూర్చోబెట్టి, చీర కుచ్చెళ్ళు ఎగదోపి, షెడ్డు షెడ్డు తిరుగుతూ ఎక్కడ మాట తెగుతుందో ఎక్కడ నిలుస్తుందో చూసుకుంది. యాంటెనా కోసం మేడ కూడా ఎక్కింది. సర్కారు అనుమతికి తిరిగిన తిరుగుడు వేరే కథ.

లారీలకొక చానెల్, కరెంటుకొక చానెల్ విడదీసింది. రెంటికీ ఒక్కటే చాలునని సేటు ఎంత వాదించినా వినలేదు. కరెంటు చానెల్లో కూర ఏం వండారని అడిగిన ఆడపిల్లకు పడిన తిట్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇక ఆమె పెట్టిన కట్టడి ఒక్కటే: మూడు షెడ్ల నుంచీ జవాబు వస్తేనే మీట నొక్కాలి. "జవాబు రాలేదంటే వద్దన్నట్టే" అని ప్రతివాడి చేతా వల్లె వేయించింది.

ఒక వానాకాలం మధ్యాహ్నం కరెంటు పోయింది. వెంకటి చానెల్లో అడిగాడు. మొదటి షెడ్డు సరేనంది, మూడోది సరేనంది, రెండోది పలకలేదు. మళ్ళీ అడిగాడు. ఉలుకూ పలుకూ లేదు. రెండో షెడ్డులో మా ఆయన మగ్గం విప్పుకుని కూర్చున్నాడని నాకు తెలుసు. అందరికీ స్విచ్చు తీయమని చెప్పే ఆ మహానుభావుడు తాను మాత్రం తీయడనీ తెలుసు. గేటు దగ్గర బట్ట కోసం లారీ ఆగి ఉంది, సేటు మా నెత్తి మీద నిలబడి ఉన్నాడు.

"ఎవలన్న ఉంటే చెప్తరు గదా రూతమ్మా. శురూ చెయ్యమను."

"చెప్పలేదంటే వద్దన్నట్టే సేటు. నేను పోయి చూసొస్త. గప్పటిదాక మీట కాడికి ఎవ్వరు పోవద్దు."

గొడుగైనా తీసుకోకుండా వానలోకి దిగింది. సేటు కుర్చీ లాగి కూర్చున్నాడు. ఆమె తిరిగి వచ్చేసరికి వెనుక మా ఆయన, మోచేతుల దాకా నల్లటి గ్రీజుతో. ఆ షెడ్డు వాకిట్లో కండెలు చుట్టే ఆడమనిషి సెట్టు బ్యాటరీ అయిపోయిందట. ఆగండి ఆగండని ఆ చచ్చిన పెట్టెలోనే అరుస్తూ కూర్చుందట పాపం. లోపల మా ఆయన చేతులు రెండూ పళ్ళ చక్రాల మధ్య ఉన్నాయి, స్విచ్చు వేసే ఉంది. హమ్మయ్య అని నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఏడుపాగాక ఆయన్ను తిట్టిన తిట్లకు సేటు లేచి బయటికి పోయాడు. అక్క మాత్రం తల తుడుచుకుంటూ, ఇక మీదట పగటి పాళీ, రాత్రి పాళీ మారినప్పుడల్లా బ్యాటరీ మార్చాలని హుకుం వేసింది. తర్వాత ఆమె ఉన్నన్నాళ్ళూ మా షెడ్లలో ఎవరికీ చెయ్యి తెగలేదు.

అట్టి కర్తవ్యనిష్ఠ, అట్టి నిర్భయత్వం ఇక ఎక్కడ వెతకను? అలంకారానికి అంటున్న మాట కాదిది, ఆ కుర్చీ నిజంగానే ఖాళీ అయింది.

నిన్న సమాధుల దగ్గర పాస్టరుగారి ప్రార్థన ముగిశాక తలా పిడికెడు మన్ను వేశారు. మా ఆయన వంగి దోసిలి నిండా తీసుకుని వేశాడు. మళ్ళీ తీశాడు, మళ్ళీ వేశాడు. జనం చూస్తున్నారని, ఇక చాలు రమ్మని భుజం తట్టాను.

"ఈ చేతులు అక్క ఉంచితె ఉన్నయే. ఇంకింత వెయ్యనీ," అన్నాడు.

నేనూ పక్కనే కూర్చుని దోసిలి పట్టాను.