పరాయి జట్ల మ్యాచ్

ఎనభైల మధ్యలో నేను రువైస్ రిఫైనరీలో ఫిట్టర్‌ని. ఒక శుక్రవారం అబుదాబి బస్సులో మా కెనడా ఇంజినీరు నా పక్కన కూర్చున్నాడు.

"ఇవాళ మీ క్యాంపులో ఫుట్‌బాల్ కదా? చూడటానికి జనం వస్తే మీకు సొంత గ్రౌండ్ ఇస్తానని ముదీర్ అన్నాడట" అన్నాడు. ముదీర్ అంటే మా మేనేజరు.

"నేనొక్కణ్ణి లేకపోతే ఏమవుతుంది సార్?" అని నవ్వాను. నాకు బజారు తొందర.

ఆయన నవ్వలేదు. వాళ్ల ఫుట్‌బాల్ వేరట, బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారట. వాళ్ల ఊరికి జట్టు లేదు. జట్టు ఇస్తే జనం వస్తారో లేదో చూద్దామని లీగు వాళ్లు రెండు బయటి ఊళ్ల జట్లను తెచ్చి, అక్కడ ఒక మ్యాచ్ ఆడించారు.

"ఆ రోజు వాన. టికెట్ జేబులోనే ఉంది. మన జట్లు కావు కదా అని ఇంట్లో పడుకున్నాను. ఊళ్లో సగం మంది అలాగే అనుకున్నారు. మా ఇంటి నుంచి నాన్న ఒక్కడే వెళ్లి, చివరిదాకా తడుస్తూ కూర్చున్నాడు. మా ఊరికి జట్టు రాలేదు" అని తల దించుకున్నాడు. అంత పెద్ద అధికారి నాలాంటివాడి ముందు సిగ్గుపడటం నేనెన్నడూ చూడలేదు.

ఇక కూర్చోబుద్ధి కాలేదు. దారిలో పెట్రోలు బంకు దగ్గర దిగి, నీళ్ల ట్యాంకరెక్కి వెనక్కి వచ్చాను. అప్పటికే ఆట అయిపోయింది, ముదీర్ వెళ్లిపోయాడు. నా గదిలో ఉండే జగిత్యాల రాజన్న గోల్‌పోస్టు కర్రలు పీకుతున్నాడు.

"గ్రౌండ్ ముచ్చట ఖలాస్. మనోళ్లు రానేలేదు. నువ్వేడికి వోయినవ్?"

"డ్యూటీ పడ్డదన్నా" అన్నాను.

"అయ్యో, సెలవునాడు గూడనా!" అంటూ తన సీసాలో మిగిలిన చల్లని నీళ్లు నాకందించాడు.