గొట్టం విప్పినప్పటి సంగతి

మా సైన్సు మాస్టారు పోయారని సోమవారం పొద్దున రెడ్డిగూడెం నుంచి ఫోన్ వచ్చింది. ఏడుపు కంటే ముందు నా మీద నాకే ఒళ్లు మండింది. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు దొరికి పది రోజులైంది. ఎదురుగా కూర్చుని చెబుదామని ఊరుకున్నాను.

కణాలను వేగంగా పరుగెత్తించే యంత్రం దగ్గర నా ఉద్యోగం. గాలి తీసేసిన పొడవాటి గొట్టంలోంచి కణాలు పోయి చివర ఒక లోహపు బిళ్లను కొడతాయి. అక్కడ రేడియోధార్మిక ధూళి పుడుతుంది. అది గొట్టంలో ఎంతవరకు పాకిందో కంప్యూటర్‌లో లెక్కగట్టి, ధూళి ఉన్నంత మేరా ఎరుపు వేసి పటం గీస్తాను. పటంలో ఎరుపు లేని చోట మెకానిక్కులు మాస్కు లేకుండా గొట్టం విప్పుతారు. నా లెక్క తప్పితే ఆ ధూళి వాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నా పటంలో ఎరుపు మొదటి మలుపు దగ్గరే ఆగేది. ఒక మెకానిక్కు రెండో మలుపు దగ్గర తుడిచి తెచ్చిన గుడ్డముక్కలో మాత్రం ధూళి కనబడింది. ఆడలేక మద్దెలోడన్నట్టు, తుడవడం రాలేదని ఆయన్నే తప్పుబట్టాను.

వేసవిలో మాస్టారి మామిడితోటకు వెళ్లి ఈ గోడు వెళ్లబోసుకున్నాను. రిటైరయ్యాక కాయ కోతకు ఆయనే నిలబడేవారు. చిక్కంతో దించిన కాయకు తొడిమ తుంచి, గడ్డి మీద బోర్లించి, సొనంతా కారాకే గంపలో పెట్టనిచ్చేవారు. క్లాసులోనూ అంతే. జవాబు తప్పయితే కొట్టేసేవారు కాదు, ఏ మెట్టులో తప్పిందో మా చేతే వెతికించేవారు.

ఆ రోజు ఒక కాయ తీసి నల్లమచ్చ చూపించారు.

"నిన్న ఇది శుభ్రంగానే ఉందమ్మా. తుంచినప్పుడే సొన చిందింది, మచ్చ ఇవాళ తేలింది. నువ్వు గొట్టం మూసున్నప్పటి లెక్కే చేశావు. విప్పినప్పుడు గాలి జొరబడదా ఏంటి?"

"మాస్టారూ, ఇది మామిడికాయ కాదండీ," అన్నాను విసురుగా.

"కాదులే. మామిడికాయైతే మచ్చే పడుద్ది," అన్నారు.

మూడు నెలలు మొండిగా అంకెలు మార్చాను. చివరికి విసిగిపోయి, విప్పినప్పుడు లోపలికి దూసుకొచ్చి ధూళిని తోసుకుపోయే గాలిని కూడా లెక్కలో కలిపాను. ఎరుపు రెండో మలుపు దాటింది. అక్కడ జరగాల్సిన పని ఆపించి, మెకానిక్కుకు క్షమాపణ చెప్పాను. మాస్టారికి మాత్రం ఒక్క ఫోన్ చేయలేదు.

పదో రోజు కార్యానికి వెళితే మాస్టారి భార్య అడిగారు. "మీ గొట్టం సంగతి తేలిందా అమ్మా? పోయే ముందు రోజు కూడా తలుచుకున్నారు. మొండిది, కానీ చేసుద్ది అన్నారు."

లాప్‌టాప్ తెరిచి పటం చూపించాను. ఆవిడ ఎరుపు వెంట వేలు జరుపుతూ రెండో మలుపు దాకా వచ్చారు.

"ఇక్కడ మనుషులు చెయ్యి పెట్టేవాళ్లా?"

"పెట్టేవాళ్లండీ. మాస్కు కూడా లేకుండా."

ఆవిడ చటుక్కున వేలు వెనక్కి తీసుకుని, చీర చెంగుకు తుడుచుకుంటూనే ఉండిపోయారు.