ఉల్లంకులు ఆగే దిబ్బ

మా అపార్ట్‌మెంట్‌లో అందరూ ఆమెను టీచరమ్మ అనే పిలుస్తారు. సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఆంధ్రా పల్లె ఆమెది. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరై, ఇప్పుడు ఎల్‌బీ నగర్‌లో కూతురి దగ్గర, మా పై ఫ్లాట్‌లో ఉంటున్నారు. నేను పోచంపల్లి వైపు నేతగాళ్ల ఇంటి పిల్లను. దిల్‌సుఖ్‌నగర్‌లో మాకు చీరల దుకాణం ఉంది. పొద్దున షట్టరెత్తిన దగ్గర్నుంచి రాత్రి దించేదాకా ట్యూబ్‌లైట్ల కింద నిలబడటమే నా పని. ఆకాశం చూసే తీరిక నాకెప్పుడూ లేదు. లేదన్న బాధ కూడా ఉండేది కాదు.

ఒక చలికాలం సాయంత్రం, ఆరేసిన దుప్పట్లు తెచ్చుకుందామని మేడెక్కాను. టీచరమ్మ పిట్టగోడకు ఆనుకుని, బైనాక్యులర్స్ కళ్లకు పెట్టుకుని మెట్రో స్టేషన్ వైపు చూస్తున్నారు.

"ఏంది టీచరమ్మా, మెట్రోను గట్ల చూస్తున్నరు?" అన్నాను.

"మెట్రోని కాదమ్మాయ్, దాని పైన. ఇలా రా."

బైనాక్యులర్స్ నా చేతికిచ్చి, ఎటు తిప్పాలో చూపించారు. స్తంభాల మీదుగా గుంపులు గుంపులుగా పిట్టలు తిరుగుతున్నాయి. గోరింకల్లాగే ఉన్నాయి గానీ ఒంటికి గులాబీ రంగు చొక్కా తొడిగినట్టున్నాయి. హిమాలయాలు దాటి, ఇంకా ఎంతో దూరం నుంచి వస్తాయని, ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయని చెప్పారు. నేను ఇన్నేళ్లుగా ఆ స్తంభాల కిందనే షేర్ ఆటో ఎక్కుతున్నాను, దిగుతున్నాను. ఒక్కసారైనా తల ఎత్తలేదు.

అలా మొదలైంది. ఆదివారాలు దుకాణానికి మధ్యాహ్నం వెళ్లేదాన్ని కాబట్టి, పొద్దున్నే ఇద్దరం చెరువుకట్టకు వెళ్లేవాళ్లం. గుర్రపుడెక్క లేని చోట కాస్త నీళ్లుంటే అక్కడ బాతులు. ఫాల్గుణం వచ్చేసరికి ఒక వారం ఉన్నవి మరుసటి వారం ఉండేవి కావు. అలా రెండు వేసవులు గడిచాయి. ఎప్పుడు వెళ్లినా టీచరమ్మ ఒకటే మాట అనేవారు.

"ఇక్కడ అవి వెళ్లిపోయాక చూస్తున్నాం. వెళ్లేటప్పుడు చూడాలంటే మా ఊరు రావాలి. భూమి సముద్రంలోకి ముక్కులాగా పొడుచుకెళ్లి, చివర ఇసుకదిబ్బ ఉంటుంది. ఉత్తరానికి వెళ్లే ఉల్లంకులన్నీ అక్కడే ఆగుతాయి. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి మరీ వెళ్లేదాన్ని."

నాకు ఉల్లంకి అంటే తెలియదు. సముద్రం కూడా చూసి ఎరగను. నలభై నాలుగేళ్లు వచ్చినా చూడలేదంటే టీచరమ్మ నమ్మలేదు. నిరుడు ఉగాదికి ముందు, "పద, ఈసారి మా తమ్ముడింటికి వెళ్దాం," అని పట్టుబట్టారు.

మా ఆయన నవ్వాడు. "పిట్టలను చూసెతందుకు సముద్రం దాక పోతరా ఎవరన్న? సరే పో. దుకాణం నేను చూసుకుంట."

పొద్దున్నే ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కి, మధ్యలో ఒకసారి మారి, పొద్దువాలేసరికి ఆ ఊరు చేరాం. టీచరమ్మ తమ్ముడు ఊరి మొదట్లోనే నిలబడి ఉన్నాడు. ఎండకు కమిలిన మనిషి, తక్కువ మాట. అక్క చేతిలో సంచి తీసుకుని, "చిక్కిపోయావేంటక్కా?" అన్నాడు. అంతే. కానీ ఇంటికి చేరేదాకా ఆమె వైపే చూస్తూ నడిచాడు. ఆయన భార్య మాకు కాళ్లకు నీళ్లిచ్చి, నన్ను సొంత చెల్లెల్లాగా లోపలికి తీసుకుపోయింది. ఆ ఇంట్లో నాకు జరిగిన మర్యాద మా బంధువుల ఇళ్లల్లో కూడా జరగలేదు. ముందే చెప్పాలి ఆ సంగతి.

మర్నాడు తెల్లవారగానే దిబ్బకు బయల్దేరాం. తమ్ముడు సరుగుడు తోట దాటే దాకా వచ్చి దారి చూపించి, "ఇటు వైపే కూర్చోండక్కా. ఆ చివర ఊబి ఉంది, వెళ్లకండి," అని వెనక్కి వెళ్లిపోయాడు.

సముద్రం గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. దాన్ని చూసి ఏడ్చాను, ఎందుకో తెలియదు. టీచరమ్మ భుజం తట్టి, నీళ్ల అంచు చూపించారు. తడి ఇసుక కదులుతున్నట్టనిపించింది. ఇసుక కాదు, పిట్టలు. ఉల్లంకులంటే ఇవేనన్నారు. పిడికెడంత ఉన్నాయి. అల వెనక్కి పోతే దాని వెంట పరుగెత్తి ముక్కుతో పొడుస్తున్నాయి, అల వస్తే ముందుకు పరుగెత్తుకొస్తున్నాయి. ఉన్నట్టుండి ఒక గుంపు లేచింది. అటు తిరిగితే గోధుమ రంగు, ఇటు తిరిగితే తెలుపు. మా నాన్న చిటికి కట్టి, ముడుల మధ్య రంగు అద్దిన నూలును ఎండకు దులిపినప్పుడు అట్లాగే మెరిసేది.

"ఎంత తింటున్నాయో చూడు," అన్నారు టీచరమ్మ. "దారిలో ఆగకుండా ఎగరాలి కదా. ఈ నాలుగు వారాల్లో ఒళ్లంతా కొవ్వు పట్టించుకుంటాయి. ఆ కొవ్వే వాటికి దారిబత్తెం."

ఎండెక్కేదాకా అక్కడే కూర్చున్నాం. టీచరమ్మ ముఖంలో అంత సంతోషం నేను హైదరాబాద్‌లో ఎప్పుడూ చూడలేదు.

ఇంటికి వచ్చేసరికి వంట సిద్ధంగా ఉంది. టీచరమ్మ మాంసం మానేసి చాలా ఏళ్లయింది. స్నానం చేసి వచ్చి తింటానని ఆమె పెరట్లోకి వెళ్లారు. ముందు నాకూ తమ్ముడికీ వడ్డించారు. అన్నం మీద ఎర్రటి వేపుడు వేసింది ఆయన భార్య. చిన్న చిన్న ముక్కలు, ఎముకలు సన్నగా ఉన్నాయి. అట్లాంటి రుచి నేను ఎరగను. రెండోసారి అడిగి పెట్టించుకున్నాను.

"శాన మంచిగుంది వదినా. కోడి కాదు గద, ఏం కూర ఇది?"

ఆమె మొహం వెలిగిపోయింది. "ఉల్లంకులండి. మీరొస్తున్నారని మీ అన్నయ్యగారు ప్రత్యేకంగా తెచ్చారు. ఇప్పుడైతేనే బాగుంటాయి. వెళ్లేముందు బాగా కొవ్వు పట్టి ఉంటాయి కదా."

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మింగిన దాన్ని కక్కలేను, ఆ తల్లి ముందు పళ్లెం వదిలి లేవలేను. అప్పుడే టీచరమ్మ తల తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చారు. నా మొహం చూశారు. తర్వాత పళ్లెం చూశారు. ఆమెకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

"పిట్టల్ని పట్టడం మానేశానన్నావు కదరా," అన్నారు తమ్ముడితో.

ఆయన తింటున్న చెయ్యి ఆపలేదు. "నువ్వు అడిగినప్పుడల్లా మానేశాననే అంటాను. వినడానికి నీకు బాగుంటుందని."

"ఇంటికొచ్చిన మనిషికి అదా పెట్టేది?"

"ఇంటికొచ్చిన మనిషికి ఉన్నదాంట్లో మంచిది పెట్టాను. నాన్న కూడా అలాగే పెట్టేవాడు. నువ్వు తినలేదా చిన్నప్పుడు? బడి ఎగ్గొట్టి నాన్నతో వల దగ్గరికి వచ్చేదానివి కాదా? అదేంటి, మర్చిపోయావా?"

టీచరమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయారు. బడి ఎగ్గొట్టి వెళ్లేదాన్నని నాకు ఎన్నోసార్లు చెప్పారు. వల సంగతి మాత్రం ఎన్నడూ చెప్పలేదు. ఆ క్షణం ఆమె నా వైపు చూడలేదు. ఆ తర్వాత చాలా రోజుల దాకా కూడా సరిగా చూడలేదు.

ఆమె భోజనం చేయకుండానే తడి జుట్టుతో బయటికి నడిచారు. నేను చెయ్యి కడుక్కుని వెంటపడ్డాను. ఊబి ఉందన్న వైపుకే వెళ్లారు. ఊబి లేదు. సరుగుడు కర్రలు పాతి, వాటి మధ్య నల్లటి సన్నని వల కట్టి ఉంది. దగ్గరికి పోయేదాకా కంటికి ఆనదు. అందులో పిట్టలు వేలాడుతున్నాయి. కొన్ని చచ్చిపోయాయి. కొన్ని కదులుతున్నాయి. ఒకటైతే తలకిందులై, ముక్కు తెరిచి, అరవకుండా ఊపిరి పీలుస్తోంది.

టీచరమ్మ దాన్ని పట్టుకుని వల విప్పబోయారు. లాగేసరికి దారం ఇంకా బిగుసుకుంది.

"జర జరుగుండ్రి టీచరమ్మా. నాకియ్యండి."

చిన్నప్పుడు మా ఇంట్లో నూలు చిక్కుపడితే నాకే ఇచ్చేవాళ్లు. చిక్కును లాగొద్దు, వదులు చెయ్యాలి. ముందు కాలు, తర్వాత రెక్క, చివరికి మెడ. అరచేతిలో దాని గుండె ఎంత జోరుగా కొట్టుకుంటోందంటే, విడివిడి దెబ్బలు తెలియడం లేదు, ఒకటే వణుకు. చెయ్యి తెరిస్తే ఎగిరిపోయింది. ఇంకొకటి విప్పాను. మరొకటి. రెక్క విరిగిన ఒక పిట్టను టీచరమ్మ కొంగులో పెట్టుకున్నారు. అది కాసేపటికే పోయింది. నా కడుపులో అన్నం అలాగే ఉంది. వేళ్లకు వేపుడు వాసన ఇంకా పోలేదు. ఆ చేతులతోనే విప్పాను.

వెనక్కి తిరిగితే తమ్ముడు నిలబడి ఉన్నాడు. ఎంతసేపైందో తెలియదు. మమ్మల్ని ఆపలేదు.

"ఇవాళ విప్పావక్కా," అన్నాడు మెల్లగా. "ఎల్లుండి ఎల్‌బీ నగర్‌లో ఉంటావు. నువ్వు చూట్టానికి వస్తావు. నేను ఇక్కడే ఉండాలి."

"నేను నిన్ను ఉండొద్దన్నానా?"

"మరి ఎలా ఉండాలో చెప్పు."

ఆమె కొంగులోని చచ్చిన పిట్టను తీసి ఇసుక మీద పెట్టారు. ఆయనే ముందుకొచ్చి కర్రలు ఒక్కొక్కటే పెరికి, వల చుట్టి అక్క కాళ్ల దగ్గర పడేశాడు. "తీసుకుపో. నాన్న చేత్తో పాతిన కర్రలు కూడా కావాలా?" అని తోటలోకి వెళ్లిపోయాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. తమ్ముడు ఇంట్లో లేడు. ఆయన భార్య నాకు బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క చేతిలో పెట్టింది. కళ్లు వాచి ఉన్నాయి.

"నాకు తెలియదండి. వదినగారికి ఇంత పట్టింపని తెలిస్తే చేసేదాన్ని కాదు."

"మీ తప్పేం లేదు వదినా," అన్నాను. "కూర మంచిగుండె."

అన్నాక, ఆ మాట ఎందుకన్నానా అనిపించింది. అబద్ధమైతే కాదు.

బస్సులో టీచరమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. అబ్దుల్లాపూర్‌మెట్ దాటి హైదరాబాద్ దీపాలు కనిపించేదాకా ఇటు తిరగలేదు.

తర్వాత ఆమె మేడ మీదికి రావడం మానేశారు. ఆదివారాలు నేనే తలుపు కొడితే, మోకాళ్ల నొప్పులని అనేవారు. ఈ సంగతంతా మా ఆయనకు చెప్తే, "అటవీశాఖోళ్లకు ఒక్క ఫోన్ కొడ్తే అయిపాయె గద," అన్నాడు. నాకూ అదే న్యాయంగా తోచింది. ధైర్యం చేసి ఒకరోజు మెట్ల మీద అడిగాను.

టీచరమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "మా తమ్ముణ్ణి కేసులో పెట్టిస్తావా? వాడి ఇంట్లో అన్నం తిన్నావు కదే!"

"నేను తిన్నదేందో మీకు ఎరికే గద టీచరమ్మా."

అనకూడని మాట. ఆమె చెయ్యి వదిలేసి పైకి వెళ్లిపోయారు. ఫోన్ మాత్రం చెయ్యలేదు నేను. చేసి ఉండాల్సిందా? ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ పిట్టల వైపు నిలబడితే ఒక జవాబు వస్తుంది, ఆ వంటింట్లో నిలబడితే ఇంకొకటి.

వానాకాలం చివర్లో టీచరమ్మ తమ్ముడి భార్య నాకే ఫోన్ చేసింది. అక్కాతమ్ముళ్లు మాట్లాడుకోవడం లేదట. "ఈయన వల వెయ్యటం లేదండి. సముద్రం వైపే వెళ్లటం లేదు. ఎవరితోనూ మాట్లాడరు. ఆ దిబ్బ మీద ఇప్పుడు పక్కూరివాళ్లు వేస్తున్నారు, ఇంతకంటే పెద్దవి." వదినగారికి చెప్పమంది. నేను పైకెళ్లి చెప్పాను. టీచరమ్మ విని, తలుపు దగ్గరగా వేసుకున్నారు.

చలికాలం వచ్చింది. గులాబీ గోరింకలు మళ్లీ వచ్చాయి. ఒక్కదాన్నే చూశాను. బైనాక్యులర్స్ లేకుండా అవి ఉత్త చుక్కలు.

ఈ ఏడు ఫాల్గుణంలో టీచరమ్మ ఎవరికీ చెప్పకుండా ఊరికి వెళ్లారు. కూతురు చెప్తే తెలిసింది. నన్ను పిలవలేదని మనసు చివుక్కుమంది గానీ, ఎందుకు పిలవలేదో అర్థమైంది. ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో నేను లేకపోయుంటే ఆమె సిగ్గుపడాల్సింది ఒక్క తమ్ముడి ముందే అయ్యేది.

పది రోజులకు తిరిగొచ్చారు. దుకాణం మూసి వస్తుంటే లిఫ్టు దగ్గర కనిపించారు. నల్లబడ్డారు.

"ఎట్లున్నరు వాళ్లు?" అన్నాను.

"బానే ఉన్నారు. వాడూ నేనూ రోజూ వెళ్లి దిబ్బ మీద కూర్చున్నాం. వాడు ఏం మాట్లాడలేదు. నేనూ అడగలేదు. అటు చివర పక్కూరివాళ్ల వలలు కనపడుతూనే ఉన్నాయి."

"మరి?"

"ఒకరోజు వాడే లేచి వెళ్లి వాళ్లతో గొడవపడ్డాడు. కొట్టారు వాణ్ణి. పెదవి చిట్లింది." లిఫ్టు వచ్చింది, ఎక్కలేదు ఆమె. "నేను వద్దనలేదమ్మాయ్. వెళ్తుంటే చూస్తూ కూర్చున్నాను. వాడికి నా తమ్ముడిగా అక్కడ బతకడం ఇంకా కష్టం చేసి వచ్చాను."

ఆమె చేతిలో సంచి తీసుకున్నాను. ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. పైనుంచి ఎవరో కుక్కర్ పెట్టిన వాసన వస్తోంది. ఉల్లంకులు వెళ్లిపోయాయా అని అడిగాను.

"ఇంకా లేదు," అన్నారు. "ఉత్తరానికి తోసే గాలి కోసం చూస్తున్నాయి."