కొట్టేసిన గడి

మా పనిలో ఖాళీ గడి వదలకూడదు. నింపనవసరం లేని గడి మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఒక గీత గీసి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. లేకపోతే కాగితం మన చేయి దాటాక ఎవడైనా అందులో ఏమైనా రాసుకోవచ్చు. కలకత్తా భవానీపూర్‌లో మా ఆఫీసులో చేరిన మొదటి వారంలోనే మా బొరోబాబు, అంటే హెడ్ క్లర్కు, నాకు నేర్పిన పాఠం ఇది. స్కేలు లేకుండా తిన్నగా గీయగలనని నాకు కాస్త గర్వం కూడా ఉండేది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్ని గీతలు గీశానో నాకే తెలియదు. ఒక్కటి మాత్రం నన్ను వదలడం లేదు.

ఓడల మీద వచ్చే సరుకుకి కస్టమ్స్ కాగితాలు చేసిపెట్టడం మా కంపెనీ పని. యంత్రాలు, టీ పెట్టెలు, రసాయనాల పీపాలు. మధ్యలో ఎప్పుడైనా ఓ విచిత్రమైన సరుకు వచ్చేది, ఎవరో విదేశీయుడి సొంత బండి. వాళ్ళ ఊళ్ళో ఇంటి ముందు బండి ఎక్కి బయల్దేరి, రోడ్డు లేని చోట దాన్ని ఓడెక్కించి, మళ్ళీ దింపుకుని దేశాలు తిరిగే మనుషులుంటారు. వాళ్ళ పని తలనొప్పి అని ఎవరూ ముట్టుకునేవారు కాదు. తెలుగువాళ్ళకి ఇంగ్లీషు బాగా వస్తుందన్న వంక పెట్టి నాకు అంటగట్టారు. నేను పుట్టిందీ చదివిందీ హౌరాలోనే. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి జూట్ మిల్లుకి వచ్చాడు. నా ఇంగ్లీషు కూడా మిగతా బాబుల ఇంగ్లీషు లాంటిదే, కాకపోతే కాస్త గట్టిగా మాట్లాడతాను.

అలాంటి బండికి కార్నె అని ఒక పుస్తకం ఉంటుంది. బండికి పాస్‌పోర్టు అనుకోండి. వాళ్ళ దేశంలోని మోటారు క్లబ్బు ఇస్తుంది. మా సభ్యుడు ఈ బండిని మీ దేశంలో అమ్మడు, ఎవరికీ ఇచ్చేయడు, గడువులోగా అదే ఇంజను నంబరుతో దేశం దాటించేస్తాడు అని ఆ క్లబ్బు పూచీ పడుతుంది. గడువు ఆరు నెలలు. స్టీరింగు ఎడమవైపు ఉంటే ఆ సంగతి వెనకాల పెద్దక్షరాలతో రాయాలి. ఇక్కడి ఇన్సూరెన్సు తీసుకోవాలి. వీటన్నిటికన్నా ముఖ్యం, బండి నడిపేది పుస్తకంలో పేరున్న మనిషే అయి ఉండాలి. ఇంకొకరు కూడా నడుపుతారంటే ఆ పేరు మేము నింపే డిక్లరేషన్‌లో ఒక గడిలో రాసి, యజమాని సంతకంతో లేఖ జతచేయాలి. నేను కొట్టేసింది ఆ గడినే.

నాలుగేళ్ళ కిందట ఒక హాలండు దంపతుల బండి మలేషియా నుంచి ఖిదిర్‌పూర్ డాకుకి, అంటే ఇక్కడి ఓడరేవుకి, వచ్చింది. బండి అంటే ఇల్లే. లోపల మంచం, పొయ్యి, నీళ్ళ తొట్టి, కిటికీకి పూల కర్టెను. సొంత ఇల్లు అమ్మేసి అందులోనే ఉంటున్నారట. ఆవిడకి జ్వరంగా ఉండి సాల్ట్ లేక్‌లో గెస్ట్ హౌసులో పడుకుంది. ఆయన ఒక్కడే మా ఆఫీసుకి వచ్చాడు. పొడుగాటి మనిషి, మోకాళ్ళ నొప్పులు, మా కుర్చీలో పట్టక కాళ్ళు పక్కకి పెట్టుకుని కూర్చున్నాడు.

శనివారం. ఒంటిపూట ఆఫీసు. మధ్యాహ్నం మా మరదలింట్లో భోజనానికి పిలుపు ఉంది. నేను చకచకా కాగితాలు నింపుతుంటే, ఆ గడి దగ్గర ఆయన వేలు పెట్టి, నా భార్య కూడా నడుపుతుంది, పేరు రాయాలి కదా అన్నాడు. అవసరం లేదండీ, మీరున్నారుగా అన్నాను. ఆయన మళ్ళీ అడిగాడు. రాయడం మంచిదేమో అన్నాడు. రాస్తే ఆవిడ లైసెన్సు నకళ్ళు కావాలి, లేఖ కావాలి, ఆవిడే వచ్చి సంతకం చేయాలి, జ్వరం తగ్గేదాకా బండి డాకులోనే పడుంటుంది అని భయపెట్టాను. ఇవన్నీ నిజాలే. అవసరం లేదన్నదొక్కటే అబద్ధం. ఆయన భుజాలెగరేసి కింద సంతకం పెట్టాడు. నేను గీత గీసి నా పొట్టి సంతకం పక్కన పెట్టాను. ఒంటిగంటన్నరకల్లా మరదలింట్లో పప్పుచారు కలుపుకుంటున్నాను.

భోజనం తొందర సగం కారణమే. రెండో సగం చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. ఆడవాళ్ళు కూడా నడుపుతారు అంటే, సరదాకి ఎప్పుడో ఖాళీ రోడ్డు మీద నాలుగు మైళ్ళు అని నాకు అర్థమైంది. మా ఆవిడ డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళి లైసెన్సు తెచ్చుకుంది. దాన్ని భద్రంగా బీరువాలో పెట్టాను. మా చిన్న కారు స్టీరింగు ఆవిడ చేతికి ఎన్నడూ ఇవ్వలేదు. అడిగినప్పుడల్లా హౌరా ట్రాఫిక్కు బూచి చూపించేవాణ్ణి. నా బుర్రలో మొగుడు నడుపుతాడు, పెళ్ళాం పక్కన కూర్చుని నీళ్ళ సీసా అందిస్తుంది. హాలండువాళ్ళయినా అంతే అనుకున్నాను.

అసలు సంగతి ఏమిటంటే, ఆయన మోకాళ్ళ వల్ల బండి నడిపేది ఎక్కువగా ఆవిడే. ఇక్కడా నాలుగున్నర నెలలు ఆవిడే నడిపింది. రాజస్థాన్, కేరళ, తర్వాత ఉత్తరాన కొండలు. ఏ పోలీసూ ఆపి పేరు అడగలేదు. వాఘా దగ్గర సరిహద్దు దాటి, పాకిస్తాన్, ఇరాన్ మీదుగా ఇంటికి పోవాలని వాళ్ళ ఆలోచన. ఈలోగా సిలిగురి పైన కొండల్లో ఆయనకి ఊపిరి అందలేదు. ఆవిడే బండిని కలకత్తాదాకా తోలుకొచ్చి ఆసుపత్రిలో చేర్చింది. ఎనిమిదో రోజున పోయాడు. దహనం ఇక్కడే చేయించింది.

ఆ తర్వాత మూడో రోజున ప్లాస్టిక్ ఫైలు పట్టుకుని మా ఆఫీసుకి వచ్చింది. నేను ఆవిణ్ణి చూడటం అదే మొదలు. పొట్టి మనిషి, ఎండకి కమిలిన చేతులు, కళ్ళ కింద వాపు. మాట మాత్రం స్పష్టంగా ఉంది. అస్థికలు గెస్ట్ హౌసులో ఒక చెక్క డబ్బాలో ఉన్నాయి. బయల్దేరేముందు ఇద్దరూ ఒకరికొకరు మాట ఇచ్చుకున్నారట, దారిలో ఎవరు పోయినా రెండోవాళ్ళు ఆ బండిలోనే రోడ్డు మీద ఇంటికి తీసుకుపోవాలని. గడువు ఇంకో నెల ఉంది కదా, వాఘాదాకా కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసిపెట్టు అంది.

నేను ఫైలు తెరిచాను. డిక్లరేషన్ నకలు పైనే ఉంది. గీత చాలా తిన్నగా ఉంది.

ఆఫీసు మొహం పెట్టుకుని, పుస్తకంలో పేరున్న మనిషి పోయాడు కాబట్టి, రెండో డ్రైవరు పేరు లేదు కాబట్టి, రూలు ప్రకారం మీరు ఈ బండిని నడపడానికి లేదమ్మా అని చెప్పాను. రూలు అన్న మాట ఎన్నిసార్లు వాడానో. ఆవిడ నకలు లాక్కుని చూసింది. ఆ గీతనీ, కింద భర్త సంతకాన్నీ మార్చి మార్చి చూసింది. పక్కన ఉన్న నా పొట్టి సంతకం పురుగు పాకినట్టుంటుంది, దాన్ని ఎవరూ చదవలేరు. "ఆయన నా పేరు రాయలేదు," అంది. నోరు తెరవాల్సింది అప్పుడే. నేను టీ చెప్పాను.

ఆ తర్వాత మూడు వారాలు నేను తిరిగిన తిరుగుడు మా కంపెనీలో ఎవరూ ఏ సరుకుకీ తిరగలేదు. కస్టమ్స్ ఆఫీసరు పెద్దమనిషే, ఆవిణ్ణి కూర్చోబెట్టి మాట్లాడాడు. కానీ గడువు పెంచమని అడగాలన్నా, బండిని ఓడెక్కించాలన్నా సంతకం పెట్టాల్సింది యజమాని, లేదా ఆ గడిలో పేరున్న మనిషి. ఒకాయన లేడు, రెండో పేరు లేదు. హాలండు క్లబ్బుకి ఉత్తరాలు రాశాం. వారసత్వం కాగితాలు కోర్టు నుంచి వస్తే కొత్త పుస్తకం ఇస్తామన్నారు. దానికి నెలలు పడుతుంది. అంతదాకా బండి నడపకూడదు, ఉంచుకోకూడదు. ఇక మిగిలింది కస్టమ్స్‌కి అప్పగించేయడం. మా బొరోబాబు కూడా నా వెంట రెండుసార్లు వచ్చాడు. మెట్లు దిగుతూ, ఇంత పట్టుదల నీకెక్కడిది దాదా అని మెచ్చుకున్నాడు. ఆవిడైతే ఈ ఊళ్ళో నాకున్న మనిషివి నువ్వొక్కడివే అంది. నాకు అన్నం సహించేది కాదు.

ఒక సాయంత్రం ఇంట్లో మా ఆవిడతో అంతా చెప్పేశాను. ఆవిడ బియ్యం ఏరుతోంది. చేయి ఆపి నా మొహం చూసింది.

"ఏటండి, ఆయన అడిగితే మీరు వద్దన్నారా?"

అవునన్నాను.

"అయితే రేపే ఎళ్ళి చెప్పీయండి. బండి ఎలాగూ పోనాది. పెనిమిటి మీద కోపమైనా పోతాది కదా ఆవిడికి."

చెప్తాలే అన్నాను. చెప్తే ఏమవుతుందో మనసులో వరసగా కనిపించింది. ఆవిడ ఫిర్యాదు చేస్తుంది, ఉద్యోగం పోతుంది, పిల్ల కాలేజీ. ఇవి భయాలే, కాదనను. వాటికన్నా పెద్ద భయం ఇంకోటి. ఆ మూడు వారాల్లో ఆవిడ దృష్టిలో నేను మంచివాణ్ణి అయిపోయాను. ఆ మంచివాడి కుర్చీ దిగడం నాకిష్టం లేకపోయింది.

అప్పగించే రోజు ఆవిడ బండిలోంచి ఏమీ పెద్దగా తీసుకోలేదు. ఒక సంచీ, రెండు కప్పులు. తాళాలు ఇచ్చి సంతకం పెట్టింది, సాక్షిగా నేనూ పెట్టాను. బయటికొచ్చాక చెక్క డబ్బాని చేతిలోకి తీసుకుని, మీ నదిలోకి ఎక్కడి నుంచి వెళ్తారు అని అడిగింది. రాత్రి విమానానికి టికెట్టు ఉంది, డబ్బాని వెంట తీసుకుపోతుందనే నేను అనుకున్నాను. గంగలో కలిపితే మంచిదమ్మా, మావాళ్ళు దానికోసం ఎంతెంత దూరాల నుంచో వస్తారు అన్నాను. నిజంగానే అన్నాను. ఆవిడకి ఏదో మేలు చేస్తున్నాననిపించింది.

బాబూఘాట్‌లో హౌరా లాంచీ ఎక్కాం. మధ్యాహ్నం కావడంతో జనం పల్చగా ఉన్నారు. ఇద్దరం వెనక రెయిలింగు దగ్గర నిలబడ్డాం. లాంచీ నది మధ్యకి వచ్చాక ఆవిడ నెమ్మదిగా అంది:

"ముప్పై ఏళ్ళు ఆ బండి నేను నడిపాను. కాగితం దగ్గరికి వచ్చేసరికి నేను నడుపుతానన్న సంగతి ఆయనకి గుర్తు రాలేదు. తీసుకుపోతానని మాట ఇచ్చాను. ఇప్పుడు నాకు తీసుకుపోవాలని లేదు. ఇక్కడే ఉండిపోనీ."

లాంచీ అవతలి ఒడ్డు చేరడానికి ఇంకా ఐదారు నిమిషాలుంది. ఆయన అడిగాడమ్మా, రెండుసార్లు అడిగాడు అనడానికి అర నిమిషం చాలు. నాలుక మీదదాకా వచ్చింది. ఆవిడ మూత తీసింది. నేను చెప్పులు విప్పి, చేతులు జోడించి నిలబడ్డాను. చూసేవాళ్ళకి ఎంతో భక్తిగా ఉన్నట్టుంటాను. బూడిద గాలికి కొంచెం వెనక్కి ఎగిరి నా చొక్కా మీద పడింది, మిగిలింది నీళ్ళలో కలిసిపోయింది. హౌరాలో దిగాక ఆవిడ నా చేయి రెండు చేతుల్లో పట్టుకుని థాంక్స్ చెప్పి టాక్సీ ఎక్కింది.

మా ఆవిడ ఆ రాత్రే అడిగింది, చెప్పారా అని. చెప్పానన్నాను. ఏడాది గడిచాక ఆ అబద్ధం కూడా మొయ్యలేక, ఫైల్లో ఉన్న చిరునామా చూసి ఆవిడకి ఈమెయిల్ రాశాను. శనివారం సంగతి, ఆయన వేలు పెట్టి చూపించిన సంగతి, రెండుసార్లు అడిగిన సంగతి, గీత నాదేనన్న సంగతి. క్షమించమని కూడా రాశాను, రాయకుండా ఉండలేక.

పది రోజులకి జవాబొచ్చింది. తిట్లేమీ లేవు. చెప్పినందుకు కృతజ్ఞతలు అని మొదలుపెట్టింది. తను ఇప్పుడు చెల్లెలి ఇంట్లో ఉంటున్నానని, ఆయన మీద కోపంతోనే ఈ ఏడాదంతా గడిపానని రాసింది. చివరన ఇంకో వాక్యం ఉంది. ఈ మాట నువ్వు పడవలో చెప్పి ఉంటే నేను డబ్బా మూత తీసేదాన్ని కాదు అని.