ఉష్‌గారికి లొంగని మైకు

ఆ వీధిలో మైకులు బాగుచేసే ఆయన్ని అందరూ ఉష్‌గారు అంటారు. ఆయన చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని బల్ల ముందు కూర్చున్నాడంటే ఇంట్లో చీమ చిటుక్కుమనకూడదు. ఫ్యాను ఆగిపోవాలి, కుక్కరు దిగిపోవాలి, తుమ్ము వచ్చినవాళ్లు వీధిలోకి వెళ్లి తుమ్మి రావాలి. ఎవరైనా నోరు తెరిస్తే పెదాలమీద వేలు పెట్టి "ఉష్" అంటాడు. తన పెళ్లిలోనే మైకు గుయ్‌మంటుంటే పెళ్లికూతుర్ని వదిలేసి వెళ్లి వైరు సరిచేసి వచ్చిన మనిషి. ఆ గుయ్‌ ఎందుకొచ్చిందో ఇప్పటికీ వివరంగా చెబుతాడు. పెళ్లికూతురి చీర ఏ రంగో మాత్రం చెప్పలేడు.

అంతటివాడికి తలనొప్పి తెచ్చిపెట్టింది భార్య అన్నగారు, పెద్దబావ. బస్టాండులో బస్సుల రాకపోకలు చెప్పి చెప్పి రిటైరైన గొంతు ఆయనది. ఆ గొంతులో ఇప్పుడో గడ్డ లేచింది. సోమవారం ఆపరేషను. తర్వాత గొంతు ఇలాగే ఉంటుందని చెప్పలేమని డాక్టరు అన్నాడు. మనవరాలికేమో ఈయన కథ చెబితేగానీ నిద్రపట్టదు. అందుకని కథలన్నీ ముందే రికార్డు చేసిపెట్టాలని, పాతకాలం తరహాలో గాజు వాల్వుతో నడిచే మైకు కొన్నాడు. దాని ముఖాన బంగారు రంగు బిళ్ల, పక్కన ఇటుకంత కరెంటు పెట్టె. చూడ్డానికి దివ్యంగా ఉంది. కథ చదివితే మాత్రం పెద్దబావ బావిలోంచి మాట్లాడినట్టు, వీధిలో స్కూటర్లు ఒళ్లోంచి వెళ్తున్నట్టు వినిపించింది.

ఉష్‌గారు మైకుని ఇంటికి తెచ్చాడు. లోపల నిలవున్న కరెంటు దిగేదాకా ఆగి, విప్పి, వేలి జిడ్డు తగలకుండా స్పిరిట్‌తో తుడిచాడు. వాల్వు మార్చాడు, కేబులు మార్చాడు. వాల్వు వేడెక్కాక తనే మాట్లాడి చూస్తే ఖంగుమని పలికింది. పెద్దబావ ఇంటికి చేరేసరికి కథ మళ్లీ మొదటికొచ్చింది. మళ్లీ తెచ్చాడు, మళ్లీ పలికింది, మళ్లీ అక్కడ మూగబోయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గానీ, ఈ మైకు ఇంట గెలిచి రచ్చలో ఆయన పరువు తీస్తోంది.

"ఈ విద్య మా అన్నయ్యకే అక్కరకు రాకపోతే, ఇన్నేళ్లూ మా నోళ్లు మూయించింది దేనికంట?" అంది భార్య.

ఉష్‌గారికి అన్నం సయించలేదు. పరువు పోతే పోయింది, ఆ గొంతు పోతే తను మళ్లీ తేలేడు. అదీ ఆయన భయం.

ఆదివారం పొద్దున్నే పెద్దబావ ఇంటికి వెళ్లాడు. ఈసారి స్క్రూడ్రైవరు బయటికి తియ్యలేదు.

"మీరు రోజూ చదివినట్టే చదవండి బావగారూ. నేను చూస్తూ కూర్చుంటా."

పెద్దబావ మైకుని పంచెకొంగుతో తుడిచి, బంగారు బిళ్లని గుమ్మం వైపు తిప్పి, తను దాని వెనక కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"బిళ్ల అటు తిప్పారేంటి?"

"వచ్చేపోయేవాళ్లకి కనపడొద్దూ?"

ఉష్‌గారు నుదురు కొట్టుకున్నాడు. "అది మైకు ముఖం బావగారూ. ఆ వైపునుంచే వింటుంది. వెనకవైపు దానికి బ్రహ్మచెవుడు. మీరిన్నాళ్లూ దాని వీపుకి కథలు చెబుతున్నారు."

ముఖం ఇటు తిప్పి ఒక కథ చదివించాడు. స్పీకర్లో పెట్టి వినిపించాడు. ప్రతి మాటా, మాటకీ మాటకీ మధ్య ఊపిరీ స్పష్టంగా వినపడ్డాయి. పెద్దబావ ముఖం మాడిపోయింది.

"ఎవడో ముసలాడు ముక్కుతో మాట్లాడుతున్నాడు. ఇది నా గొంతేంటి? ఇంకా బాగుపడలేదు, మళ్లీ విప్పు."

"ఇది మీ గొంతే."

"బస్టాండులో ఇలా ఉండేది కాదు."

"ఆ స్పీకర్లలో ఎవరు మాట్లాడినా డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టే ఉంటుంది. అది గొంతనుకుంటే ఎలా?"

పెద్దబావ ఒంటికాలిమీద లేచాడు. స్పీకర్లో కథ దాని మానాన అది నడుస్తోంది. ఉష్‌గారు ఆయన భుజం తట్టి కింద చాపవైపు చూపించాడు. ఇందాకటిదాకా రబ్బరు బంతితో ఆడుకుంటున్న మనవరాలు, బంతి చంకలో పెట్టుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. లేచి గట్టిగా గంట కూడా కాలేదు.

పెద్దబావ వంగి పిల్ల ముఖంలోకి చూశాడు. తర్వాత నెమ్మదిగా వచ్చి మైకు ముందు కూర్చున్నాడు.

"ముసలాడైతే అయ్యాడు," అన్నాడు గొంతు తగ్గించి. "రేపటిలోపు ఎన్ని పడితే అన్ని ఎక్కించు బావా."