మూడుసార్లు ఉరిమిన చూపు

2001 వేసవి. జగ్గయ్యపేట బస్టాండు నుంచి నడిచొచ్చే దూరంలో నాకో వీడియో స్టూడియో ఉండేది. అటు గరికపాడు నుంచి ఇటు పరిటాల దాకా నా కెమెరా లేకుండా ఒక్క పెళ్లి కూడా జరగలేదని అప్పట్లో చెప్పుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే జగ్గయ్యపేటలోనే నాకన్నా మంచి స్టూడియోలు ఉన్నాయి. వాళ్లకి తీరిక లేనప్పుడు జనం నా దగ్గరికి వచ్చేవాళ్లు. పెళ్లిళ్ల కాలంలో ఎవరికీ తీరిక ఉండదు కాబట్టి నాకూ తిండికి లోటు లేదు.

ఈ పని తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పెళ్లిలో తీసింది తీసినట్టుగా ఉన్న దాన్ని రా క్యాసెట్ అంటాం. అది ఎవరికీ ఇవ్వం. అందులో ఆవలింతలు, ఈగలు, వడ్డన దగ్గర తగాదాలు, పెళ్లికొడుకు మేనమామ తాంబూలం ఉమ్మడం, అన్నీ ఉంటాయి. దాన్ని మిక్సర్ అనే యంత్రంలో పెట్టి, అక్కర్లేనివి తీసేసి, పాటలు కలిపి, రంగులూ మెరుపులూ అద్ది ఇంకో క్యాసెట్‌లోకి ఎక్కిస్తాం. పెళ్లివాళ్ల చేతికి వెళ్లేది అదే. ఈ పని పేరు మిక్సింగ్. కెమెరా ఎవరైనా మోస్తారు. స్టూడియోకి పేరొచ్చినా పోయినా మిక్సింగ్‌లోనే.

ఆ మిక్సింగ్ మాకు నేర్పింది టీవీ సీరియళ్లు. ఆదివారం పొద్దున్న పురాణాల సీరియళ్లు వచ్చే రోజుల్లో జనం టీవీకి కొబ్బరికాయ కొట్టి మరీ కూర్చునేవాళ్లు. ఆ ఊపులో మా క్యాసెట్లలో వధూవరులు తామరపువ్వులోంచి పుట్టుకొచ్చేవాళ్లు, పెళ్లికొడుకు తల వెనక చక్రం తిరిగేది. పెళ్లికొడుకు సిమెంటు లారీ డ్రైవరైనా సరే, చక్రం తిరగాల్సిందే. తర్వాత కేబుల్ వచ్చింది, దాంతోపాటు రోజూ సాయంత్రం వచ్చే సీరియళ్లు వచ్చాయి. వాటిలో దేవుళ్లు లేరు. ఒక ఇల్లు, ఒక కోడలు, ఆ కోడల్ని ఓర్వలేని అత్తో ఆడపడుచో. ఆవిడ ఓరగా ఒక చూపు చూస్తే చాలు, దబ్బుమని డోలు, ఉరుము, అదే మొహం మూడు వైపుల నుంచి మూడుసార్లు. ఆ మూడు చూపులూ అయ్యేసరికి ఊళ్లో కూర మాడని ఇల్లు లేదనేవాణ్ణి. మాడింది మా ఇంట్లోనే. మా ఆవిడ సరస్వతి గరిటె పట్టుకుని టీవీ ముందు నిలబడి, "దీని చూపు చూడండి, కొంప ముంచుద్ది ఇది" అనేది. నాకు అక్కడే వెలిగింది. నిన్నటి కథేమిటో ఆమెకి గుర్తుండటం లేదు. ఆ మోత మాత్రం వంటింట్లో ఉన్నా గుర్తుపట్టేస్తోంది.

ఆ వేసవిలోనే పెనుగంచిప్రోలులో శ్రీను పెళ్లి తీశాను. మిర్చి, పత్తి వేసే రైతు కుటుంబం. శ్రీను తండ్రికి అంతకుముందే పక్షవాతం వచ్చి ఎడమ పక్క సరిగా పని చేసేది కాదు. ఆయన ప్రయాణం చెయ్యలేడని మగపెళ్లివారింటి ముందే పందిరి వేశారు. కింద కూర్చోలేడు కాబట్టి పందిరి గుంజ పక్కన ఒక ఎర్ర కుర్చీలో కూర్చోబెట్టారు. శ్రీను అక్క రత్నకుమారిని నందిగామలో బడిపంతులుకి ఇచ్చారు. పెళ్లి పనంతా ఆమె చేతుల మీదే నడిచింది.

తాళి కట్టేటప్పుడు పెళ్లికూతురి జడ ఎత్తి పట్టుకునేది ఆడపడుచు. రత్నకుమారి, పెళ్లికూతురు లావణ్య వెనక నిలబడి జడ పట్టుకుంది. నేను ఎదురుగా ఉన్నాను. సుముహూర్తానికి భుజం మీదికెక్కిన కెమెరా అక్షింతలు అయ్యేదాకా దిగదు. నేను చెప్పుకునే గొప్పల్లో ఇదొక్కటి మాత్రం నిజం. అందరూ నవ్వుతూ అక్షింతలు వేస్తున్నారు. ఇంతలో రత్నకుమారి తల పక్కకి తిప్పింది. కనుబొమలు ముడిపడ్డాయి, కళ్లు పెద్దవయ్యాయి, పెదవులు బిగుసుకున్నాయి. మళ్లీ తల ఇటు తిప్పేసింది. నా కన్ను కెమెరాకి అతుక్కుని ఉంది. ఆమె దేన్ని చూసిందో నేను చూడలేదు.

మిక్సింగ్‌లో ఆ ముక్క కనబడగానే నిధి దొరికినంత సంబరపడ్డాను. ఆ చూపుని మూడుసార్లు తిప్పాను. రెండోసారికి తెరంతా ఎరుపు పులిమాను. మూడోసారికి డోలు, ఉరుము. ఆ వెంటనే తలవంచుకున్న లావణ్య మొహం. సరస్వతి చూసి పడీ పడీ నవ్వింది. "అచ్చం సీరియలేనండీ" అంది. పెళ్లివాళ్లూ నవ్వారు. రత్నకుమారి కూడా నవ్విందట. శ్రీను కాపీలు చేయించుకుని చుట్టాలకి పంచాడు. అతనితో, "చూశావా శ్రీనూ, తాళి ముందు నుంచి అక్షింతలయ్యేదాకా కెమెరా దించలేదు. ఇట్టా ఇంకెవడన్నా తీస్తే నా పేరు మార్చుకుంటా" అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. శ్రీను గుర్తుపెట్టుకున్నాడు.

ఏడాది దాటాక ఒక మధ్యాహ్నం రత్నకుమారి స్టూడియోకి వచ్చింది.

"బాబాయిగారూ, నేను శ్రీను వాళ్లక్కనండీ."

"నువ్వు తెలియకపోవడమేంటమ్మా! నా స్టూడియోలో స్టారువి నువ్వే" అన్నాను. కొత్తగా వచ్చినవాళ్లకి శాంపిలుగా ఆ ముక్కే వేసి చూపించేవాణ్ణి.

ఆమె నవ్వలేదు. బల్ల మీద కూర్చుని పమిట కొంగు చేతికి చుట్టుకుంటూ చెప్పింది. పెళ్లయిన కొన్నాళ్లకే తండ్రి పోయాడు. ఆ తర్వాత లావణ్యకి నెల తప్పింది గానీ కడుపు నిలవలేదు.

"లావణ్య వాళ్లమ్మ ఆ క్యాసెట్టు పెట్టి చూపిచ్చిందంట. తాళి పడేటప్పుడే ఈ ఆడపడుచు కన్ను పడింది, ఇంకేం నిలబడుద్ది అందంట. ముందు ఆవిడ అనుకుంది. తర్వాత లావణ్య. ఇప్పుడు తమ్ముడు కూడా. వచ్చే వారం నాన్న సంవత్సరీకమండీ. నాకు కబురు లేదు. పక్కింటోళ్లు చెబితే తెలిసింది."

"కబురు దేనికమ్మా, మీ నాన్నేగా. నువ్వు వెళ్లు."

"వెళ్తే అందరూ నాన్న ఫొటో చూడరు బాబాయిగారూ, నా మొహం చూస్తారు."

ఆమే మళ్లీ అందుకుంది.

"నేనారోజు చూసింది నాన్ననండీ. కుర్చీ ఒరిగిపోయింది. గుంజ పట్టుకుని ఏలాడబడ్డాడు. అందరి కళ్లూ తాళి మీదున్నాయి. నా చేతిలో జడ ఉంది, వదిలితే తమ్ముడు ఆగిపోతాడు. కదలొద్దని తల ఊపాడు నాన్న. ఆయనే ఎట్టాగో నిలబడ్డాడు. తర్వాత దగ్గరికెళ్తే, తమ్ముడికి చెప్పమాకే, పెళ్లినాడు బాధపడతాడు అన్నాడు. చెప్పలా. ఇప్పుడు చెబితే కథలంటున్నారు. మీ దగ్గర అంతా ఉంటదిగా, అసలు తీసింది? అందులో నాన్న కనబడతాడుగా?"

మా స్టూడియో బోర్డు మీద 'మీ జ్ఞాపకాలు మా దగ్గర పదిలం' అని రాయించాను. ఆ బోర్డుని నమ్మి వచ్చింది. "నా దగ్గర ఏ క్యాసెట్టూ ఎక్కడికీ పోదమ్మా" అన్నాను, అలవాటు కొద్దీ. పోతుంది. ఒక రా క్యాసెట్ మీదే ఇంకో పెళ్లి తీస్తాం, దాని మీద మరోటి తీస్తాం. ప్రతి పెళ్లికీ కొత్తది కొనే స్టూడియో మా చుట్టుపక్కల లేదు.

వెతికి తీసి పెట్టాను. తెర మీద ఎవరిదో పెళ్లి. వేరే పందిరి, వేరే ముఖాలు. ముక్కూ మొహం తెలియని జనం భోజనాలు చేస్తుంటే రత్నకుమారి కదలకుండా చూస్తూ కూర్చుంది. ఆ పెళ్లి అయిపోయింది. తెర కాసేపు చుక్కలతో నిండిపోయి, చివర్న మిగిలిన పాత ముక్క వచ్చింది. పెనుగంచిప్రోలు పందిరే. జనం భోజనాలకి లేచిపోయారు. తొక్కిన పూలు, నలిగిన కాగితాలు. గుంజ పక్కన ఎర్ర కుర్చీ పక్కకి పడి ఉంది. మనిషి లేడు. అంతలో క్యాసెట్ అయిపోయింది.

"అదే" అందామె. "అదే కుర్చీ."

ఆ ముక్క వేరే క్యాసెట్‌లోకి ఎక్కించి ఇస్తూ, "నేనూ వస్తా. నా మాట శ్రీను కాదంటాడా?" అన్నాను. ఆమె గుమ్మం దగ్గర ఆగింది. "ఉన్నది ఉన్నట్టు చెప్పండి బాబాయిగారూ, చాలు" అంది.

మర్నాడు ఆటోలో పెనుగంచిప్రోలు వెళ్లాం. శ్రీను లోపలికి రమ్మన్నాడు గానీ అక్క వైపు చూడలేదు. లావణ్య మంచినీళ్లిచ్చి గోడవారన నిలబడింది. వాళ్లమ్మ వంటింటి గడపలో కూర్చుంది. క్యాసెట్ పెట్టకముందే నేను విషయం చెప్పాను. "ఆ ఉరుమూ నేను పెట్టిందే, ఎరుపూ నేను పూసిందే. మూడుసార్లు తిప్పింది నేను. సీరియల్ చూసి చేశాను బాబూ. అమ్మాయి చూసింది ఒక్కసారే."

గడపలోంచి ఆవిడ అంది: "మోత మీరేశారు సరే. చూపు ఆ పిల్లదే గదండీ?"

క్యాసెట్ పెట్టాను. కుర్చీ కనబడగానే శ్రీను ముందుకి వంగాడు. వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు. "నాన్న కుర్చీయే" అన్నాడు. మొదటిసారి అక్క వైపు చూశాడు. "పడ్డాడా అక్కా?" అన్నాడు మెల్లగా.

నేను అక్కడ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ ఒక మనిషి మెత్తబడుతుంటే ఊరుకోవడం నాకు చేతకాదు. దానికింకో దరువు వెయ్యాలి.

"పడ్డాడా ఏంటి శ్రీనూ! నేను కళ్లారా చూశా. కెమెరా కింద పెట్టి పరిగెత్తా. ఇదిగో, ఈ చేత్తోనే పట్టుకున్నా మీ నాన్నని."

శ్రీను చేతిలో రిమోటు ఆగిపోయింది. "కెమెరా కింద పెట్టారా?"

"పెట్టా."

"అక్షింతలయ్యేదాకా దించలేదని మీరే గదండీ చెప్పింది? క్యాసెట్టులో ఎక్కడా ఆగలేదు కూడా. నేను వంద సార్లు చూశా."

గడపలో ఆవిడ, "బాగా నేర్పి తీసుకొచ్చింది" అంది.

"పందిరి పీకేటప్పుడు కుర్చీలు పడుతూనే ఉంటాయి" అన్నాడు శ్రీను. టీవీ కట్టేశాడు. "మా నాన్న పేరు చెప్పి ఈ అబద్ధాలు దేనికక్కా?"

రత్నకుమారి తల తిప్పి నా వైపు చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి, కళ్లు పెద్దవయ్యాయి, పెదవులు బిగుసుకున్నాయి. అదే చూపు. ఈసారి నా కంటికి కెమెరా అడ్డం లేదు. అందులో అసూయ లేదు, కోపమూ లేదు. కళ్ల ముందు ఏదో ఒరిగిపోతుంటే చెయ్యి అందని మనిషి చూపు అది. డోలు లేదు. ఉరుము లేదు. పైన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం ఉంది.

అదే ఆటోలో తిరిగొచ్చాం. జగ్గయ్యపేటలో దిగాక, "మీరు నా మంచికే చెప్పారు బాబాయిగారూ" అని నందిగామ బస్సెక్కింది. సంవత్సరీకానికి వెళ్లలేదని తర్వాత తెలిసింది.

ఆనాటి నుంచి నా క్యాసెట్లలో ఉరుము వినబడలేదని రాద్దామనుకున్నాను. రాస్తే అబద్ధమే. పెళ్లివాళ్లు అడిగితే వేశాను. బాణాసంచా మీద వేశాను, పెళ్లికొడుకు కారు దిగేటప్పుడు వేశాను. మనిషి మొహం మీద మాత్రం వెయ్యలేదు. నేను వెయ్యకపోతే ఆగుతుందా? మిగతా స్టూడియోలన్నీ వేశాయి. మా ఇంట్లో కూర మాడ్చిన ఆ సీరియల్ ముగిసిపోయింది. ఎలా ముగిసిందని సరస్వతిని అడిగితే గుర్తులేదంది, ఆ కోడలి పేరూ చెప్పలేకపోయింది. ఆ డోలు మోత మాత్రం ఇప్పటికీ పోలేదు. ఫోన్లలో పిల్లలు పంపుకునే వీడియోల్లో ఎవరి అత్తో తల తిప్పితే చాలు, అదే మోత. ఆ సీరియళ్లు మనకి ఏం మిగిల్చాయని ఎవరైనా అడిగితే నా సమాధానం అదే. మనిషి ఎటు చూస్తున్నాడో వెతకడం మానేశాం, మోత ఎలా ఉందో విని తీర్పు చెప్పేస్తున్నాం.

2009లో శ్రీను మళ్లీ వచ్చాడు. జుట్టు పలచబడింది, చేతిలో బూజు పట్టిన పెళ్లి క్యాసెట్ ఉంది.

"సీడీలోకి ఎక్కించాలండీ. నాన్న కనబడే చోట్లు ఉంచండి, పిల్లలకి చూపిస్తా. మిగతాది మీ ఇష్టం."

తుడిచి, ఆరబెట్టి ఎక్కించాను. ఎరుపు తీసేశాను, మోత తీసేశాను. మూడుసార్లున్న చోట మొదటిదొక్కటే, తీసింది తీసినట్టు, ఉంచాను. అతన్ని కూర్చోబెట్టి చూపించాను. తాళి కట్టడం, అక్షింతలు అయిపోయాయి.

"అక్క చూపు తీసేశారా?" అన్నాడు.

"లేదు. ఉంది."

వెనక్కి తిప్పాను. జడ పట్టుకున్న చేతులు, పక్కకి తిరిగిన తల, మళ్లీ ఇటు. రెప్పపాటులో అయిపోయింది. అంతకుముందు అతనికి కనబడలేదు కూడా.

"ఇంతేనా?" అన్నాడు.

ఇంకోసారి వెయ్యమన్నాడు. వేశాను. తెర వైపే చూస్తూ, "బావకి ట్రాన్స్ఫర్ అయిందండీ. వాళ్లిప్పుడు నందిగామలో లేరు. అక్క నంబరు కూడా లేదు నా దగ్గర" అన్నాడు.

చెప్పడానికి నా నోట్లో ఎన్ని మాటలు వచ్చాయో! అక్క నిన్ను తలుచుకుని ఏడ్చేదని చెప్పొచ్చు, మీ నాన్న పోయేముందు అంతా నాకు చెప్పాడనొచ్చు. అతను నమ్మడానికి సిద్ధంగా ఉన్నాడు కూడా.

"ఇంతే శ్రీనూ" అన్నాను.

ఏమీ కలపకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఈ పనిలో నేను ఆఖరున నేర్చుకున్నాను. నన్ను అలా చెప్పమని అడిగిన మనిషి మాత్రం ఆ వేళ అక్కడ లేదు.