పారబోసిన పచ్చిపులుసు

పచ్చిపులుసు కోసం మిరపకాయలు నిప్పుల మీద కాలుస్తుంటే ఆ ఘాటు జనగామలోని మా ఇల్లంతా కమ్ముకుంటుంది. అందరూ దగ్గుతారు. నాకు మాత్రం ఎల్లయ్యన్న గుర్తొస్తాడు. కాటారం దగ్గరి పల్లె నుంచి వచ్చి సరుకుల ఓడలో వంటమనిషిగా కుదురుకున్నవాడు ఆయన. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో చదువు ఆగిపోయి, ఏవేవో పనులు చేసి, చివరికి అదే ఓడ ఇంజను గదిలో చేరినవాణ్ణి నేను. మా మాట తీరు విని తోటివాళ్లు వెక్కిరిస్తే నేను కొట్లాటకు దిగేవాణ్ణి. ఆయన వాళ్లకు ఇంకో గరిటెడు కూర వడ్డించేవాడు. ఆ మెతకదనం చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఎనభైల మొదట్లో, ఫిలిప్పీన్స్ దీవుల దగ్గర, ఒకరోజు పొద్దున్నే రెండు పడవల్లో దొంగలు వచ్చి ఓడెక్కారు. తుపాకులు చూపి కెప్టెన్‌ను గదిలో పెట్టి తాళం వేశారు. ఎల్లయ్యన్నను అందరికీ వండమన్నారు, సాయానికి నన్ను పంపారు. మూడో రోజు ఆయన పచ్చిపులుసు చేస్తుంటే, మందుల పెట్టెలోంచి నిద్రమాత్రలు తెచ్చి ఆయన ముందు పెట్టాను.

“పులుసుల కలుపన్నా. పులుపుకు రుచి తెల్వదు. పండుకున్నంక కట్టేద్దాం.”

“వద్దు తమ్మీ. నేను పెట్టే తిండిల గసొంటియి కలపను.”

“వాళ్లు దొంగలన్నా!”

“దొంగలైతే ఏంది, నన్ను నమ్మే తింటున్నరు గద.”

పిరికివాడివన్నాను. ఆయన బియ్యం తేవడానికి వెళ్లగానే మాత్రలన్నీ నలిపి పులుసులో కలిపేశాను.

మధ్యాహ్నం ఏం అనుమానం వచ్చిందో, ముందు నువ్వు తాగమని దొంగల నాయకుడు ఆయనకు సైగ చేశాడు. మా వైపు ఇళ్లలో అందరూ తిన్నాకే వండినవాళ్లు తింటారు. ఎల్లయ్యన్న అలవాటుగా నవ్వి, ముందు మీరే అన్నట్టు చెయ్యి చూపాడు. అంతే, తుపాకీ ఆయన గుండెకు ఆనింది. అప్పుడాయన నా ముఖం చూశాడు. నా ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఆయనకు అంతా అర్థమైంది. గిన్నె అందుకున్నట్టే అందుకుని వదిలేశాడు. పులుసంతా నేలపాలైంది. నాయకుడు తుపాకీ మడమతో ఆయన మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

వాళ్లు మర్నాడు దొరికింది దోచుకుని వెళ్లిపోయారు. ఎవరి ప్రాణమూ పోలేదు. ఆయన చేతికి గుడ్డ కడుతూ నేను ఏడ్చాను.

“నేను కలిపిన్నని ఎందుకు చెప్పకపోతివి?”

“చెప్తే నిన్ను చంపుతుండిరి. ఊకో. కొట్టాలనుకుంటే ఎదురుంగ నిలవడి కొట్టు తమ్మీ. ఆకలి మీద కొట్టకు.”

చాలా ఏళ్లకు ఆయన ఊరు వెతుక్కుంటూ వెళ్లాను. అప్పటికి ఆయన లేడు. వదిన నన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టింది.

“ఓడల మెట్ల మీదికెల్లి పడి చెయ్యి ఇరిగిందన్నడు. గరిటె పట్టరాక పని ఇడిసిపెట్టిండు” అంది. కంచంలో పప్పు వేస్తూ, “నీ ముచ్చట మస్తు చెప్పేటోడు. తమ్ముడుంటే గట్లుండాలె అనేటోడు” అంది.

నిజం నోటిదాకా వచ్చింది. ముద్దతోపాటే మింగేశాను. ఇంకోసారి వచ్చి చెబుదామనుకున్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి వదిన కూడా లేదు.